లెఫ్ట్ బ్యాక్‌ని తీసెయ్యమన్నవాణ్ణి

మా పేట ఫుట్‌బాల్ టీములో లెఫ్ట్ బ్యాక్‌ని, అంటే వెనక ఎడమ వైపు కాచేవాణ్ణి, తీసెయ్యమని నేను రెండు సీజన్లు అరిచాను. ఎక్కడో గుంపులో నిలబడి అరవడం కాదు. మైదానం చుట్టూ ఉన్న పిట్టగోడ మీద, సరిగ్గా అతను ఆడే వైపు కూర్చుని, అతనికి వినపడేలా అరిచాను. నేను పోర్టు వర్కుషాపులో ఫిట్టర్ని. అక్కడి మోతలో పక్కవాణ్ణి స్పానర్ అడగాలన్నా గొంతు చించుకోవాల్సిందే. వారమంతా అలా సాన పట్టిన గొంతు ఆదివారం మధ్యాహ్నం మైదానానికి తెచ్చేవాణ్ణి.

తొంభైల మొదట్లో ఉద్యోగం వచ్చి గోదావరి జిల్లా నుంచి విశాఖపట్నం వచ్చాను. మల్కాపురంలో ఒక గది తీసుకున్నాను. పెళ్లి కాలేదు, ఊళ్లో చుట్టాలు లేరు. డ్యూటీ ఉన్న ఆరు రోజులూ ఎలాగో గడిచిపోయేవి కానీ ఆదివారం మాత్రం ఎంత పడుకున్నా తరిగేది కాదు. మా ఊళ్లో మేం వాలీబాల్ ఆడేవాళ్లం. ఫుట్‌బాల్ ఆటని దగ్గరగా చూసింది లేదు. ఒక ఆదివారం గది వెనక ఏదో గోల వినపడితే, కొట్లాటేమోనని చొక్కా తగిలించుకుని వెళ్లాను. పేట టీము మ్యాచ్ ఆడుతోంది. గోడెక్కి కూర్చున్నాను. ఆట అర్థం కావడానికి నాకు చాలా వారాలు పట్టింది. అభిప్రాయాలు మాత్రం ఆ మొదటి రోజే వచ్చేశాయి.

ఆ టీములో పోర్టు కూలీలు, రిఫైనరీలో కాంట్రాక్టు పనివాళ్లు, ఇద్దరు చేపలవేట వాళ్లు ఉండేవారు. ఊరి లీగులో రెండో డివిజన్. కోచ్ హార్బర్‌లో క్రేన్ ఆపరేటరు, రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి. అందరూ బాబాయ్ అనేవారు, నేనూ అలాగే పిలిచేవాణ్ణి. ఆయన మ్యాచ్ జరుగుతున్నంతసేపూ తువ్వాలు భుజాన వేసుకుని గీత దగ్గర గొంతుక్కూర్చునేవాడు. నోరెత్తేవాడు కాదు. ఆదివారం పొద్దున పదకొండు మంది పేర్లు ఒక కాగితం మీద రాసి టీ బడ్డీ గుంజకి అంటించేవాడు. మేం ఆ గుంజ చుట్టూ చేరి, టీ తాగుతూ, ఆ కాగితాన్ని మాటలతో చీల్చి పోగులు పెట్టేవాళ్లం. ఎవణ్ణి ముందుకి తేవాలో, ఎవణ్ణి ఇంటికి పంపాలో నాకు బాగా తెలుసు అనుకునేవాణ్ణి. బెంచి మీద కూర్చున్న ప్రతివాడూ నా కంటికి మహా ఆటగాడిలా కనిపించేవాడు, ఎందుకంటే వాడింకా ఏ తప్పూ చెయ్యలేదు కాబట్టి.

లెఫ్ట్ బ్యాక్ చేపలవేట మనిషి. నా వయసే ఉంటుంది, ముప్ఫై లోపు. ఫస్టాఫ్‌లో బాగానే ఆడేవాడు. సెకండాఫ్‌లో మాత్రం నెమ్మదించేవాడు. అందరూ ముందుకి ఉరికితే తను రెండడుగులు వెనకే నిలబడేవాడు. నాకది బద్ధకంలా కనిపించేది. అతని బదులు ఆడించమని నేను చెబుతూ వచ్చినవాడు రిఫైనరీలో అప్రెంటిస్. చిరుతలా పరిగెత్తేవాడు. ఒక ఆదివారం లెఫ్ట్ బ్యాక్ పక్కనుంచే బంతి దూసుకుపోయి గోల్ పడి, గెలవాల్సిన మ్యాచ్ ఓడిపోయాం. ఆ సోమవారం నుంచి టీ బడ్డీ దగ్గర, వర్కుషాపులో, బస్టాపులో తిరిగి సంతకాలు పోగేశాను. లెఫ్ట్ బ్యాక్‌ని మార్చాలి అని తెల్లకాగితం మీద అర్జీ రాసి, గురువారం డ్యూటీ దిగుతున్న బాబాయ్ చేతికిచ్చాను.

ఆయన కళ్లజోడు పెట్టుకుని ఒక్కో సంతకం చదివాడు.

"ఏటోయ్ గోదారోడా, ఇందుల సగం మంది పోయిన వారం మేచ్‌కే రాలేదు కదా?"

"రాకపోయినా విన్నారండీ," అన్నాను.

ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "సరే. ఈ వారం ఆణ్ణి కూకోబెడతాను. గానీ ఒక మాట. నువ్వు గోడ మీద కూకోకు. లైను కాడికొచ్చి ఆడి పక్కన కూకో. రెండు హాఫులూ."

అది శిక్షో, గౌరవమో నాకు తెలియలేదు. సరేనన్నాను.

ఆ ఆదివారం పొద్దున వర్కుషాపు మిత్రుడొకడు చేపలకి వెళ్దాం రమ్మంటే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లాను. బోట్లు వచ్చి ఆనుకుంటున్నాయి. బుట్టలు, ఐసు, అరుపులు. ఒక బోటు మీంచి వల దించుతున్న నలుగురిలో ఒకడు మా లెఫ్ట్ బ్యాక్. మోకాళ్ల దాకా తడి. అరచేతులకి తాడు కోసిన గీతలు. కళ్లు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. అతను నన్ను చూశాడు. తప్పుకుందామనుకున్నాను కానీ నా మిత్రుడు అప్పటికే బేరం మొదలుపెట్టేశాడు.

"మీరే కదండీ సంతకాలెట్టించినోరు?" అన్నాడు అతను.

తలూపాను.

"మంచి పనే సేసేరు," అన్నాడు, వల మీంచి చెయ్యి తియ్యకుండానే. "సెకండాఫ్‌లో నాకు కాళ్లు లెగట్లేదు. నాలుగు రోజులయింది ఏటకెళ్లి, ఇదిగో ఇప్పుడే దిగుతన్నాం. నాను బాబాయికి సెప్పలేకపోనాను. మీరు సెప్పేరు."

వెటకారమేమోనని అతని మొహంలోకి చూశాను. కాదు. నిజంగానే అంటున్నాడు.

"మరి ఇవాళ ఇంటికెళ్లి పడుకుంటారా?" అని అడిగాను.

"పడుకుంటే ఎలగండి? ఆ కుర్రోడికి గాలి సంగతి తెల్దు కదా. నాను ఎల్లాల." పక్కవాణ్ణి టైము అడిగి, బుట్టలోంచి నాలుగు కానాగంతలు తీసి నా సంచిలో వేశాడు. వద్దన్నా వినలేదు.

గదికొచ్చి ఆ చేపలు వండుకున్నాను. రెండేళ్లుగా నేను తిట్టింది నాలుగు రోజులు సముద్రం మీద వల లాగి, ఒడ్డుకొచ్చి, స్నానం చేసి, బూట్లు వేసుకొచ్చిన మనిషిని. అతని పని ఏమిటో నాకు తెలుసు. ఆ పనికీ, ఆ కాళ్లకీ సంబంధం ఉంటుందని మాత్రం ఒక్కసారి కూడా తట్టలేదు.

మధ్యాహ్నం గీత దగ్గర అతని పక్కన కూర్చున్నాను. గోడ మీద నుంచి చూసిన ఆటా, నేల మీద కూర్చుని చూసిన ఆటా ఒకటి కాదు. ఫస్టాఫ్‌లో అప్రెంటిస్ కుర్రాడు నేను చెప్పినట్టే ఉరికాడు. గోడ మీద మావాళ్లు ఈలలు వేశారు. ఒక గోల్ కొట్టాం. హాఫ్ టైము అయ్యాక లెఫ్ట్ బ్యాక్ తల పైకెత్తి, పిడికెడు దుమ్ము తీసి గాల్లోకి వదిలాడు.

"సూడండి. మజ్జానం దాటితే సముద్రం కాడి నుంచి గాలి లెగుస్తాది. ఆ మూల నుంచి బంతి ఎత్తి కొట్టేరంటే, గాలికి అది లోపలికి తిరుగుతాది. అందుకే నాను రెండడుగులు ఎనక్కి ఉంటాను. ఆ కుర్రోడు ముందుకి ఉన్నాడు కదా, ఆడి తల మీంచి పోతాది."

ఇంకో పది నిమిషాలకి అదే జరిగింది. మూల నుంచి వచ్చిన బంతి బయటికి పోతుందనుకున్నది కాస్తా వంకర తిరిగి, కుర్రాడి తల దాటి, అవతలి ఫార్వర్డ్ కాళ్ల ముందు పడింది. గోల్. గోడ మీద నుంచి కుర్రాణ్ణి బూతులు తిట్టడం మొదలైంది. ఆ గొంతుల్లో నా గొంతు లేకపోవడం నాకే వింతగా ఉంది. లెఫ్ట్ బ్యాక్ లేచి గీత వెంట పరిగెత్తి, "ఒరే, ఎనక్కి! రెండడుగులు ఎనక్కి!" అని కేకేశాడు. కుర్రాడు విన్నాడు. ఆ తరువాత ఆ వైపు నుంచి ఏమీ రాలేదు. మ్యాచ్ డ్రా అయింది.

అయిపోయాక బాబాయ్ నా దగ్గరికొచ్చి, "ఇప్పుడు సెప్పు. వచ్చే వారం ఎవుణ్ణి ఆడించమంటావు?" అన్నాడు.

"నాకు తెలియదండీ," అన్నాను. ఆ మైదానంలో నేను చెప్పిన మొదటి నిజం అదే.

ఆ తరువాతి ఆదివారం కాగితం మీద లెఫ్ట్ బ్యాక్ పేరు పక్కనే కుర్రాడి పేరు కూడా రాసి ఉంది. ఫస్టాఫ్ ఇతను, సెకండాఫ్ కుర్రాడు. వేట నుంచి ఆలస్యంగా వచ్చిన వారం పూర్తిగా కుర్రాడే. కుర్రాడు ఆడేటప్పుడు లెఫ్ట్ బ్యాక్ గీత దగ్గర కూర్చుని గాలి సంగతి చెప్తాడు. నా అర్జీ చూసి బాబాయ్ మనసు మార్చుకున్నాడని నేననుకోను. అప్పటికే ఆయన మనసులో ఆ ఆలోచన ఉండి ఉంటుంది. ఎవరికీ అవమానం కాకుండా ఎలా చెయ్యాలా అని చూస్తూ ఉండి ఉంటాడు. నా కాగితం ఆయనకొక సాకు. నేను మళ్లీ గోడెక్కలేదు. టీ బడ్డీ దగ్గర "ఏటి, పార్టీ మార్చేసేవా?" అని వేళాకోళం చేశారు. మార్చేశానన్నాను.

ఆ ఏడాదే ఎప్పుడో, ఏ రోజో గుర్తులేదు, అతను నన్ను "బావా" అన్నాడు. ఇక్కడ మగవాళ్లు ఎవరైనా ఎవర్నైనా బావా అంటారని నాకు తెలుసు. అయినా చుట్టాలెవరూ లేని ఊళ్లో ఆ పిలుపు విని ఆ రోజంతా హుషారుగా తిరిగాను. పెళ్లయ్యాక మా ఆవిణ్ణి ఒకసారి మైదానానికి తీసుకెళ్లాను. మ్యాచ్ అంతా చూసి, "ఇంట్లో కంటే ఇక్కడే తక్కువ అరుస్తున్నారేంటండీ?" అంది. లెఫ్ట్ బ్యాక్ పగలబడి నవ్వి, "నన్ను తీసెయ్యమన్నాడు సెల్లెమ్మా, మాం బావనే తీసేసేం, గోడ మీంచి," అన్నాడు.

తొంభైల చివరికి అతను ఆడటం మానేశాడు. వేట లేని ఉదయాల్లో పేట పిల్లలకి నేర్పడం మొదలుపెట్టాడు. బాబాయ్ రిటైరై ఇంట్లో ఊరికే కూర్చోలేక అతనికి తోడు వచ్చేవాడు. నేను డ్యూటీ లేనప్పుడు వెళ్లి బంతులు ఏరేవాణ్ణి, పంపు కొట్టేవాణ్ణి. అప్పుడే గాజువాక నుంచి ఐటీఐ చదివే కుర్రాడొకడు షేర్ ఆటోలో రావడం మొదలుపెట్టాడు. తండ్రి స్టీల్ ప్లాంటులో కాంట్రాక్టు పని. కుర్రాడు సన్నగా, గాలికి ఎగిరిపోయేలా ఉండేవాడు. "వీడు దేనికి పనికొస్తాడు బావా? ఒక్కడు భుజం తగిలిస్తే పడిపోతాడు," అన్నాను.

"కాళ్లు సూడకు. ఆడి మెడ సూడు," అన్నాడు.

"మెడా?"

"బంతి ఆడి కాడికి రాకముందు ఎన్నిసార్లు ఎనక్కి తిరిగి సూత్తన్నాడో సూడు. మిగతా పిల్లలు బంతిని సూత్తన్నారు. ఈడు మైదానాన్ని సూత్తన్నాడు. కండ మనం పెట్టొచ్చు బావా. ఈ సూపు మనం పెట్టలేం."

చూశాను. నిజమే. బంతి అందుకునేలోపు ఆ కుర్రాడు భుజం మీదుగా రెండు సార్లు, మూడు సార్లు వెనక్కి చూసేవాడు. బంతి కాలికి తగిలేటప్పటికే దాన్ని ఎక్కడికి పంపాలో వాడికి తెలిసిపోయి ఉండేది. ఒక్కసారి అది పట్టుకున్నాక నాకు వేరే ఆటగాళ్లలో కూడా అదే కనిపించడం మొదలైంది. ఇప్పటికీ టీవీలో ఏ మ్యాచ్ చూసినా ముందు మెడలే చూస్తాను.

ఆరు నెలలు కాగానే వాణ్ణి పెద్ద టీములో దించెయ్యమని నేను తొందరపెట్టాను. పాత అలవాటు పూర్తిగా పోదు. వాళ్లిద్దరూ వినలేదు. సీజనంతా బెంచి మీదే కూర్చోబెట్టారు. గెలుపు ఖాయమైన మ్యాచ్‌ల్లో చివరి పది నిమిషాలు మాత్రం దించేవారు. నాకు ఒళ్లు మండేది. ఒక రోజు ఉండబట్టలేక బాబాయిని అడిగేశాను.

"ఆణ్ణి దాసుకుంటన్నాం అనుకుంటన్నావా?" అన్నాడాయన. "ఇప్పుడు దింపితే, ఒక మేచ్ ఓడితే, ఆ గోడ మీద కూకున్నోళ్లు ఆణ్ణి నమిలేత్తారు. ఆ మాటలు తట్టుకునే వొయసు రానీ. నీకు తెల్దేటి, ఆ గోడ సంగతి?"

తెలుసు. నాకంటే బాగా ఎవరికీ తెలియదు.

మరుసటి సీజనులో వాడు మధ్యలో ఆడటం మొదలుపెట్టాడు. పాసు అనేది అంత అందంగా ఉంటుందని నాకు అంతకుముందు తెలియదు. రెండేళ్లలో మా టీము మొదటి డివిజనుకి వెళ్లేంత దగ్గరికొచ్చింది. ఇంకా మూడు మ్యాచ్‌లు ఉన్నాయనగా కలకత్తా నుంచి ఒక పెద్ద సంస్థ టీము మనిషి వచ్చి మ్యాచ్ చూసి వెళ్లాడు. వారం తిరక్కుండా ఉత్తరం వచ్చింది. టీములో చోటు, దాంతోపాటు ఉద్యోగం. మా వైపు ఆటగాడి బదిలీ అంటే అదే. కానీ వెంటనే వచ్చి చేరాలి.

పేటంతా రెండుగా చీలిపోయింది. మూడు మ్యాచ్‌లు ఆడి వెళ్లమనేవాళ్లే ఎక్కువ. ఇన్నేళ్లూ తయారుచేసింది మనం, పండు కోసుకునేది వాళ్లా అన్నారు. క్లబ్బు అనుమతి కాగితం మీద సంతకం పెట్టకుండా ఆపెయ్యమన్నారు. సాయంత్రం టీ బడ్డీ ముందు మీటింగు పెట్టారు. నా గొంతు పెద్దది కాబట్టి ఉంచాలనేవాళ్ల తరఫున నన్నే మాట్లాడమన్నారు. ఒప్పుకున్నాను కూడా. మొదటి డివిజనులో మా టీముని చూడాలని పదేళ్లుగా ఎదురుచూస్తున్నవాణ్ణి. మనసులో వాక్యాలు కూడా పేర్చుకున్నాను.

మీటింగులో కుర్రాడు ఒక మూల నిలబడి ఉన్నాడు. వాళ్ల నాన్న డ్యూటీ బట్టల్లోనే వచ్చి పక్కన నిలబడ్డాడు. ఆయన ఎవర్నీ ఏమీ అడగలేదు. లెఫ్ట్ బ్యాక్ మాత్రం నా పక్కకొచ్చి మెల్లగా, "బావా, నువ్వు ఏటి సెప్పినా నాకు సమ్మతమే. ఆడి మొకం సూసి సెప్పు," అన్నాడు.

వాడి మొహం చూశాను. వాడికి వెళ్లాలని ఉంది. అడగడానికి సిగ్గుపడుతున్నాడు. నేను పేర్చుకున్న వాక్యాలన్నీ ఎక్కడికో పోయాయి. ఏం చెప్పానో ఇప్పుడు వరసగా గుర్తులేదు. పిల్లల్ని పెద్ద టీముకి పంపడానికే కదండీ మనం పొద్దున్నే లేచి బంతులు ఏరుతున్నాం, వెళ్లగలిగినవాడు దొరికితే ఆపుతామా అన్నాను. మొదటి డివిజను వచ్చే ఏడు కూడా ఉంటుంది, ఈ ఉద్యోగం ఉండదు అన్నాను. ఎవరో వెనక నుంచి "కూకోవోయ్" అని అరిచారు. నేను ఇంకా గట్టిగా చెప్పాను. బాబాయ్ జేబులోంచి పెన్ను తీసి అనుమతి కాగితం మీద సంతకం పెట్టాడు. కుర్రాడి తండ్రి వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

మూడు మ్యాచ్‌ల్లో రెండు ఓడిపోయాం. మొదటి డివిజను రాలేదు. కొన్నాళ్లు టీ బడ్డీ దగ్గర నాకు టీ ఇచ్చేవాడు తప్ప పలకరించేవాళ్లు లేరు. ఆ కలకత్తా టీము వాళ్లు పద్ధతి ప్రకారం మాకేమీ ఇవ్వనక్కర్లేదు. అయినా ఒక పెట్టె పంపారు. కొత్త బంతులు, రెండు గోల్ వలలు. వలలు చూసి లెఫ్ట్ బ్యాక్ వేళ్లతో ముడులు తడిమి, "ముడి గట్టిదే గానీ తాడు సన్నం," అని తీర్పు చెప్పాడు. ఆ బంతులతో మరో రెండు జట్ల పిల్లలు ఆట నేర్చుకున్నారు. మేం మొదటి డివిజనుకి వెళ్లింది ఇంకో నాలుగేళ్లకి, ఆ పిల్లల్లో కొందరితోనే.

కుర్రాడు అక్కడ ఆరేడు సీజన్లు ఆడాడు. తరువాత మోకాలు దెబ్బతింది. ఆట ఆగింది, ఉద్యోగం ఉంది. సెలవుకి వచ్చినప్పుడల్లా మైదానానికి వచ్చి పిల్లలతో ఒక పూట గడిపి వెళ్తాడు. వాళ్లకి వాడు చెప్పే మొదటి మాట వెనక్కి తిరిగి చూడమనే.

రెండు వేల సంవత్సరం దాటాక మేం గాజువాకకి మారిపోయాం. వర్కుషాపులో కుర్రాళ్లు టీవీలో విదేశీ మ్యాచ్‌లు చూసి వచ్చి, ఫలానా ఆటగాణ్ణి ఫలానా క్లబ్బు కొనాలి, ఫలానావాణ్ణి అమ్మెయ్యాలి అని లంచి టైములో వాదించుకునేవారు. నన్ను కూడా లాగేవారు. నాకింకా అభిప్రాయాలున్నాయి, చెప్తాను కూడా. కాకపోతే ఒక ఆటగాణ్ణి తీసెయ్యాలి అనాల్సి వచ్చినప్పుడు, వాడు నిన్న ఏ పని చేసి వచ్చాడో నాకు తెలుసా అని ఒక క్షణం ఆగుతాను. ఆ క్షణం ఆ మైదానం నాకిచ్చింది.

బాబాయ్ చనిపోయిన ఏడాది, టీము ఎంపిక కమిటీలో నన్ను కూర్చోమన్నారు. కోచ్ లెఫ్ట్ బ్యాకే. అప్పటికి అతను వేట బాగా తగ్గించేశాడు. ఒక శనివారం కమిటీ అయ్యాక, అతనికీ గాజువాకలో ఏదో పని ఉంటే, ఇద్దరం షేర్ ఆటో కోసం రోడ్డు పక్కన నిలబడ్డాం. ఎందుకో ఆ రోజు చెప్పెయ్యాలనిపించింది. ఈ ఊళ్లో నాకు మనుషులున్నారంటే, ఆట అంటే ఏమిటో తెలిసిందంటే, అది నీవల్ల, బాబాయ్ వల్లే బావా, ఎప్పుడూ చెప్పలేదు అన్నాను. తిట్టినవన్నీ తలుచుకుంటే ఇప్పటికీ తల దించుకోవాలనిపిస్తుంది అని కూడా అన్నాను.

అతను ఆటో వస్తోందేమోనని రోడ్డు వైపు తొంగి చూశాడు.

"నువ్వు తిట్టినప్పుడు నాకు కోపం వొచ్చేది బావా, రాలేదని సెప్పను," అన్నాడు. "గానీ ఆ గోడ మీద అంతమంది ఉన్నారు కదా, మేచ్ అయిపోయేదాకా నన్నొక్కడినే సూసినోడివి నువ్వే. అంత సూత్తన్నాడంటే ఈడికి ఆట మీద పేనం ఉన్నాది, నేర్పితే నేర్సుకుంటాడు అని బాబాయ్ అనీవోడు."

ఆటో వచ్చింది. వెనక సీటులో ముగ్గురి మధ్య ఇరుక్కుని కూర్చున్నాం. గాజువాక వచ్చేదాకా, రేపు గోల్‌లో ఎవర్ని నిలబెట్టాలా అని వాదించుకుంటూనే ఉన్నాం. పొడుగు కుర్రాణ్ణి పెట్టమని నేను, పొట్టివాణ్ణని అతను. పొట్టివాణ్ణే పెట్టాం.